కన్యాదానం రెండోసారి చేయించారు. దీన్నే క్యాండిడ్ అంటారా?

గోదారిపిల్ల_92
నెల క్రితం మా చెల్లి పెళ్ళి, తణుకు పక్కన మా ఊళ్ళోనే. ముహూర్తం రాత్రి 1:47కి. ఫొటోలకి లక్షా అరవై వేలు. ఇద్దరు క్యాండిడ్ (ఏమీ చేయించకుండా తీసేవాళ్ళు), ఒకరు ట్రెడిషనల్ (నిలబెట్టి తీసేవాళ్ళు), ఇద్దరు వీడియో, పైన డ్రోన్. మాట్లాడుకున్న రోజు వాళ్ళన్నది ఇదీ: "మేము ఉన్నట్టే మీకు తెలీదు. జరిగింది జరిగినట్టు తీస్తాం." ఆ మాట నచ్చే మా నాన్న ఒప్పుకున్నారు, లేకపోతే ఫొటోలకి అంత పెట్టే మనిషి కాదు.

ధారపోసేటప్పుడు నాన్న చేతులు వణికాయి. ముప్పై ఏళ్ళు బస్సు స్టీరింగ్ పట్టుకున్న చేతులవి. వణకడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది, చెల్లి తల వంచుకుని ఉంది, పక్కనే ఉన్న నాకు గొంతు పట్టేసింది. అయిపోయింది. పంతులుగారు తర్వాతి మంత్రం ఎత్తుకోబోతున్నారు. ఇంతలో "అమ్మా, ఇంకొక్కసారి పోయండి. సార్, మీరు కొంచెం ఇటు తిరిగి అమ్మాయిని చూడండి" అని వినిపించింది. ఇద్దరూ మారు మాట్లాడకుండా మళ్ళీ పోశారు.

ఆల్బమ్‌లో పెద్దగా రెండు పేజీలకీ కలిపి వేసింది ఆ రెండోదాన్ని. నీటిధార మెరుస్తోంది, వెలుతురు బావుంది, నాన్న చేతులు నిలకడగా ఉన్నాయి. ఆ పేజీ వచ్చినప్పుడల్లా ఆయన గబుక్కున తిప్పేస్తున్నారు.

వచ్చే మాఘంలో తమ్ముడి పెళ్ళి. ఏమీ చెప్పకుండా, ఏమీ చేయించకుండా తీసేవాళ్ళు నిజంగా ఉన్నారా? ఉంటే వాళ్ళని ఎలా గుర్తుపట్టాలి?

పెళ్ళికళ
చదువుతుంటేనే బాధేసింది. మా ఇంట్లోనూ అంతే. అప్పగింతల్లో మా అమ్మని "ఇంకొంచెం ఏడవండి ఆంటీ" అన్నాడు ఒకబ్బాయి.

ప్రాక్టికల్_గోపి
ఇందులో అంత తప్పేముందో నాకు అర్థం కావట్లేదు. మళ్ళీ పోసినవి నీళ్ళే కదా. జీవితాంతం ఉండే ఫొటో బాగా రావాలనే కదా అడిగాడు. చీకట్లో మసగ్గా వచ్చి ఉంటే అప్పుడు కూడా ఇక్కడికొచ్చి తిట్టేవాళ్ళే.

గోదారిపిల్ల_92
గోపి గారూ, మసగ్గా వచ్చినా తిట్టేదాన్ని కాదు. బాగా తీయమని అడగలేదు మేము, జరిగింది తీయమన్నాం.

బెజవాడ_షట్టర్
పదకొండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా, అలా చేయించడం తప్పే. కానీ ఎందుకు జరుగుతుందో తెలిస్తే తమ్ముడి పెళ్ళికి పనికొస్తుంది. మాఘం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే ఒకే ముహూర్తానికి ఒక్కో ఆఫీసు మూడు నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటుంది. యజమాని వెళ్ళేది ఒక్కదానికి. మిగతావాటికి రోజు కూలీ లెక్కన కుర్రాళ్ళని పిలుస్తారు. వాళ్ళకి పెళ్ళికూతురి తండ్రి ఎవరో మండపం ఎక్కాకే తెలుస్తుంది. ఏదైనా ఒక ఘట్టం మిస్సయితే డబ్బులు కోస్తారు. ఆ భయంతో "ఇంకోసారి" అంటారు. పైగా మీ దగ్గర ఆరుగురున్నారు. ఒకరికొకరు అడ్డం. వీడియో అతను ముందుకొస్తే క్యాండిడ్ అతనికి వీపు తప్ప ఏమీ కనబడదు.

కాబట్టి బుక్ చేసేటప్పుడు రెండు మాటలు అడగండి. మా పెళ్ళికి కెమెరా పట్టుకునేది ఎవరు, ఆ మనిషితోనే మాట్లాడించండి. రెండోది, వాళ్ళ పేజీలో పెట్టిన మంచి ఫొటోలు చూసి మోసపోకండి, ఏదో ఒక్క పెళ్ళివి మొదటి నుంచి చివరిదాకా ఇచ్చిన ఫొటోలన్నీ చూపించమనండి. యాభై పెళ్ళిళ్ళలో యాభై మంచి ఫొటోలు ఎవరైనా ఏరి పెడతారు. ఒక్క పెళ్ళి మొత్తం చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. జరిగింది జరిగినట్టు తీసి ఇస్తే "తాళి కట్టేటప్పుడు పెళ్ళికొడుకు మొహం కనబడలేదేంటి" అని ఫోన్ చేసేది కూడా కుటుంబాలవాళ్ళే. రెండూ కావాలంటే కుదరదు.

పౌరోహిత్యం_భీమవరం
దానం ఒక్కసారే. ఇచ్చేసిన పిల్లని మళ్ళీ ఎలా ఇస్తారు? ఆ మండపంలో నేనుంటే ఆపేవాణ్ణి. కానీ అందరూ ఆపలేరు, ఆ విషయం కూడా ఒప్పుకుంటాను. మైకు మా చేతిలో ఉన్నా, ఇప్పుడు మండపం కెమెరావాళ్ళ చేతిలో ఉంది.

నా బాధ జీలకర్ర-బెల్లం దగ్గర. అసలు సుముహూర్తం అంటే అదే, తాళి కాదు. తెర తీసిన క్షణంలో వధూవరులు ఒకరినొకరు చూసుకోవాలి. ఇప్పుడు ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టి కెమెరాలోకి చూస్తున్నారు. ఎందుకంటే ఎవరో "ఇటు ఇటు" అంటున్నారు. నేను ఏం చేస్తున్నానంటే, ముహూర్తానికి పది నిమిషాల ముందు ఫొటోవాళ్ళందరినీ పిలిచి, తెర ఎటు దిగుతుందో, నేను ఎటు జరుగుతానో చెప్తాను. వాళ్ళ చోటు వాళ్ళకి చూపిస్తాను. బదులుగా ఒక్కటే అడుగుతాను: నోరు విప్పొద్దు. చాలామంది వింటున్నారు. పెళ్ళివారే ముందు రోజు పురోహితుణ్ణీ ఫొటోగ్రాఫర్నీ ఒకచోట కూర్చోబెడితే సగం గొడవ ఉండదు.

బెజవాడ_షట్టర్
పంతులుగారూ, మీలాంటివాళ్ళు పదిమంది ఉంటే మా పని చాలా తేలికవుతుంది. తెర ఎటు దిగుతుందో తెలియక నేను రెండు పెళ్ళిళ్ళలో గుడ్డనే ఫొటో తీశాను.

ఓరుగల్లు_చిన్నోడు
నా గోడు వేరే. మా పెళ్ళికి తీసినాయన ఎవర్నీ ఏమీ అడగలేదు, చాలా మంచోడు. మైలపోలు, ఎదుర్కోళ్ళు, బరాత్ అన్నీ నిశ్శబ్దంగా తీసుకుంటూ పోయిండు. 1,800 ఫొటోలు ఇచ్చిండు. అందులో చెప్పులు, గాజులు, లెహంగా హ్యాంగరు, పూలదండ దగ్గర నుంచి, ఇట్లాంటివి మూడొందలు. మా నాయనమ్మ ఒక్కదాంట్లో కూడా లేదు. ఎదుర్కోళ్ళల్ల ముందు వరుసల కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆమె. కెమెరా మొత్తం మా చెల్లి ఫ్రెండ్స్ మీదనే తిరిగింది. క్యాండిడ్ అంటే అందమైనోళ్ళను తీయడమేనా?

పెళ్ళికళ
చిన్నోడు గారూ, మా లెక్క ఇదీ. పెళ్ళికూతురి చెప్పులు: 14 ఫొటోలు. మా మేనత్త: 2.

పాతస్టూడియో_రాజమండ్రి
చిన్నోడు గారి మాట దగ్గరే ఆగుతాను. 1988లో మొదటి పెళ్ళి తీశాను. ఆరు రోల్స్, రోల్‌కి 36, మొత్తం 216 ఫొటోలు. అంతకన్నా ఎక్కువకి డబ్బులుండేవి కావు. వీడియో కుర్రాడు వెయ్యి వాట్ల లైటు పట్టుకుంటే దాని వేడికి పెళ్ళికూతురి బాసికం కింద చెమటలు. మేము కూడా "తాళి ఎత్తి పట్టుకుని ఆగు బాబూ" అన్నవాళ్ళమే, దాచను. ఫ్లాష్ చార్జ్ అవడానికి టైము పట్టేది, ఆపకపోతే దొరికేది కాదు.

అందరూ ఇప్పుడు స్టేజి ఫొటోలని తీసిపారేస్తున్నారు. వరసగా నిలబెట్టి తీసిన ఫొటోలో ప్రాణం లేదంటారు. నాలుగేళ్ళ క్రితం ఒక పెద్దావిడ పాత నెగటివ్ వెతికిపెట్టమని మా షాపుకొచ్చింది. భర్త పోయాడు, పదకొండో రోజుకి పటం కట్టించాలి. ఆయన ఎప్పుడూ స్టూడియోకి వెళ్ళలేదట. ఆధార్ కార్డులోది తప్ప ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆయన మొహం ఉన్నది వాళ్ళ మేనకోడలి పెళ్ళిలో, స్టేజి మీద, ఎడమవైపు నుంచి మూడో మనిషిగా, నేను తీసిన ఫొటోలో. 1994 నాటి నెగటివ్. దొరికింది. ఆ మూడో మనిషిని పెద్దది చేసి ఇచ్చాను.

ఆ రోజు నేను "ఇటు చూడండి" అనకపోతే ఆయన ఇటు చూసేవాడు కాదు.

గోదారిపిల్ల_92
మాస్టారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. తమ్ముడి పెళ్ళికి స్టేజి ఫొటోలు మానేయను. వరస వరసగా అందర్నీ తీయిస్తాను. మంత్రం జరుగుతున్నప్పుడు మాత్రం ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు, నేను కోరేది అంతవరకే.

భోజనాల_బంతి
క్యాండిడ్ వల్ల మాకు జరిగిన మేలు ఒకటి చెప్తాను. మా బాబాయి నోట్లో గారె పెట్టుకుంటూ పక్క విస్తట్లో పూతరేకు వైపు చూస్తున్న ఫొటో మా ఇంటి గ్రూపులో మూడేళ్ళుగా తిరుగుతోంది. ఆయన అదే డీపీగా పెట్టుకున్నారు. పిన్ని ఎంత చెప్పినా మార్చట్లేదు.

ప్రాక్టికల్_గోపి
ఇది మాత్రం నిజమైన క్యాండిడ్ 😀

డాలస్_రమ్య
మాది తలకిందులు కథ. నా పెళ్ళి ఇక్కడే, 2019లో. ఫొటోగ్రాఫర్ అమెరికన్, అంతకుముందు పేపర్‌లో పనిచేసినవాడు. ఒక్క మాట మాట్లాడడు, ఒక్క చెయ్యి ఊపడు, గోడలో కలిసిపోతాడు. గోదారిపిల్ల గారు అడుగుతున్నది అచ్చంగా అలాంటి మనిషినే. కానీ అతనికి మన పెళ్ళి తెలీదు. తాళి ముఖ్యమని ఎక్కడో చదువుకున్నాడు. తెర దిగి, జీలకర్ర-బెల్లం పెట్టుకుంటుంటే హాలు వెనకాల మా మావయ్య పిల్లల్ని తీస్తున్నాడు. అందరూ అక్షింతలు వేస్తుంటే గాల్లో బియ్యం చూసి పరిగెత్తుకొచ్చాడు. నా దగ్గర ఆ క్షణానివి ఉన్నవి మా పెద్దమ్మ ఫోన్లో తీసిన రెండే, ఒకదాంట్లో ఆవిడ వేలు.

తప్పు నాదే అనుకుంటాను. అతనికి చెప్పాల్సింది నేనే. మా తమ్ముడి పెళ్ళికి రెండు పేజీల కాగితం రాసిచ్చాను. ఏ పోజులూ కాదు. ఏది ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎవరి మొహం చూడాలి. "జీలకర్ర-బెల్లం: కొన్ని సెకన్లే. ఇద్దరి కళ్ళు. తర్వాత వెంటనే మా నాన్న." "బుట్టలో పెళ్ళికూతురు వస్తుంది: మోస్తున్న మేనమామల మొహాలు." "బిందెలో ఉంగరం: చేతులు వదిలేయ్, చుట్టూ ఉన్న పిల్లల్ని చూడు." అదే ఫొటోగ్రాఫర్ మళ్ళీ వచ్చాడు. అవి మా ఇంట్లో అందరికీ ఇష్టమైన ఫొటోలు.

కెమెరా_అక్క_హైద్
రమ్య కాగితం ఐడియా బంగారం. మన పెళ్ళిళ్ళు తెలిసిన నేనే ఆ పని చేస్తాను, ఎందుకంటే ఇంటికో పద్ధతి. కొందరికి కన్యాదానం ముందు, కొందరికి ఇంకో వరస. ముందు రోజే వాళ్ళ ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని రాసుకుంటాను.

నేను పనిచేసే పద్ధతి కూడా చెప్తాను. పసుపు కొట్టే రోజే వెళ్తాను, మొదటి గంట కెమెరా బయటికి తీయను. కాఫీ తాగి, పూలు కట్టేవాళ్ళతో కూర్చుంటాను. ఆ తర్వాత కెమెరా తీసినా ఎవరూ సర్దుకోరు. రెండు కెమెరాలు, ఒకదానికి 35 ఎంఎం లెన్సు, ఒకదానికి దూరం నుంచి తీసే 85 ఎంఎం. ఫ్లాష్ వేయను. రాత్రి ముహూర్తాల్లో ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులో తీయడానికి పెంచే సెట్టింగు) 6400 దాకా వెళ్తాను, గ్రెయిన్, అంటే చుక్కలు చుక్కలుగా, వస్తే రానివ్వండి. అసలు ఇబ్బంది చీకటి కాదు, స్టేజి డెకరేషన్ వాళ్ళు పెట్టే ఊదారంగు లైట్లు. మొహం మీద ఊదా పడితే దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిచేయలేదు. మండపం వరకైనా మామూలు వెచ్చని లైటు వేయమని డెకరేషన్ వాళ్ళకి ముందే చెప్పండి, డబ్బులు కూడా ఏమీ ఎక్కువ కావు. చప్పుడు రాని సైలెంట్ షట్టర్ కావాలని అడుగుతారు కొందరు. ఎల్‌ఈడీ లైట్ల కింద దానితో ఫొటో అంతా చారలు పడొచ్చు. నేను చప్పుడు చేసే మామూలు మెకానికల్ షట్టరే వాడతాను, సెకనులో వందో వంతు (1/100) దగ్గర. సన్నాయి, డోలు మోగుతుంటే ఆ చప్పుడు ఎవరికి వినబడుతుంది?

ఇంకొకటి, ఆడవాళ్ళు ముస్తాబయ్యే గదిలో ఎవరు తీస్తారో ముందే అడగండి. మంగళస్నానం, చీర మార్చుకునే చోటు. మగవాళ్ళు ఆరుగురు వచ్చి తలుపు కొడుతుంటే ఆ గదిలో ఇక క్యాండిడ్ ఏముంటుంది? ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళా ఫొటోగ్రాఫర్ చేతుల్లో పెట్టాడు.

గోదారిపిల్ల గారూ, ఒక్కో సారి నేను కెమెరా దించేస్తాను. అప్పగింతల్లో ఒక తండ్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అటు వెళ్ళలేదు.

బెజవాడ_షట్టర్
అక్కా, ఇక్కడ మాత్రం ఒప్పుకోను. తీయాల్సింది అదే కదా. దగ్గరికి వెళ్ళక్కర్లేదు, 85తో దూరం నుంచి వీపు తీసినా చాలు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కూతురికి కావాల్సింది ఆ ఫొటోనే.

కెమెరా_అక్క_హైద్
కావచ్చు. ఆయన చూడకూడదనే గోడవైపు తిరిగాడు. కూతురికి కావాలి, ఆయనకి వద్దు. ఆ నిమిషంలో నాకు ఆయన మాటే పెద్దదనిపించింది.

ఓరుగల్లు_చిన్నోడు
నేను అక్క దిక్కు.

పాతస్టూడియో_రాజమండ్రి
నేను షట్టర్ బాబు వైపు. తీసి, ఆ ఇంటివాళ్ళకి మాత్రమే ఇవ్వాలి. పేజీలో పెట్టకూడదు.

చట్టం_చదివినోడు
పేజీలో పెట్టడం గురించి వచ్చింది కాబట్టి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరు అడిగితే తీసిన ఫొటోకి మొదటి హక్కుదారు ఆ అడిగినవాళ్ళే, వేరే ఒప్పందం లేకపోతే. ఆ చివరి మాట ముఖ్యం. మీరు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో "హక్కులన్నీ మావే, ప్రచారానికి వాడుకుంటాం" అని చిన్న అక్షరాల్లో ఉంటే లెక్క మారుతుంది. చదివి, ఇష్టం లేని లైను కొట్టించి సంతకం పెట్టండి. ఆల్బమ్‌లో వేయనివాటితో సహా ఫైళ్ళన్నీ ఇవ్వాలా వద్దా అనేది కూడా అందులోనే రాయించుకోండి.

బెజవాడ_షట్టర్
ఆ మాటతో గుర్తొచ్చింది. గోదారిపిల్ల గారూ, ఈ రోజే వాళ్ళకి ఫోన్ చేయండి. మొదటిసారి ధారపోసినప్పుడు ఆరుగురిలో ఎవరో ఒకరు బటన్ నొక్కే ఉంటారు. బాగా రాలేదనే కదా రెండోసారి అడిగింది. అంటే రానిది ఎక్కడో ఉంది. మేము పక్కన పడేసినవి హార్డ్ డిస్క్‌లో కొన్నాళ్ళుంటాయి, తర్వాత కొత్త పెళ్ళి కోసం ఖాళీ చేసేస్తాం. "ఎడిట్ వద్దు, తీసేసినవన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి" అనండి. గొడవ పెట్టుకోకుండా అడగండి, ఇస్తారు.

గోదారిపిల్ల_92
నాకు ఈ ఆలోచనే రాలేదు. ఇప్పుడే చేస్తున్నాను.

పెళ్ళికళ
ఏమైంది అక్కా? నాలుగు రోజులైంది.

గోదారిపిల్ల_92
దొరికింది.

మొదట కుదరదన్నారు, తర్వాత ఆ తీసిన అబ్బాయే పెన్‌డ్రైవ్ పట్టుకుని ఇంటికొచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నాన్నకి సారీ చెప్పాడు. అమ్మ టిఫిన్ పెట్టింది. నాలుగు వేల పైచిలుకు ఫొటోలు, రాత్రి రెండింటిదాకా చూశాం. సగం వీపులే.

మొదటి ధారవి మూడున్నాయి. రెండింటిలో వీడియో అతని భుజం తప్ప ఏమీ లేదు. మూడోదాంట్లో భుజం కుడివైపు మూడో వంతు కప్పేసింది, నాన్న మొహం గడ్డం దాకానే కనిపిస్తోంది. మొత్తం చీకటిగా, పసుపుపచ్చగా ఉంది. చెల్లి చేతికున్న కంకణం దారం పోగులతో సహా స్పష్టంగా ఉంది. నాన్న వేళ్ళు మాత్రం అలుక్కుపోయినట్టు, ఒక్కో వేలు రెండుగా ఉన్నాయి.

బెజవాడ_షట్టర్
వీడియో లైటు ఇంకా అటు తిప్పి ఉండరు. షట్టర్ 1/40కి పడిపోయి, ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. నిలకడగా ఉన్న కంకణం ఆగింది, వణికిన చెయ్యి ఆగలేదు. అందుకే పక్కన పడేశాడు.

గోదారిపిల్ల_92
అవునట, ఆ అబ్బాయి కూడా అదే చెప్పాడు.

నాన్న ఫోన్లో దాన్ని పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు. తన చేతుల మీద నుంచి మెల్లగా పైకి జరిపారు. చెంబు పట్టుకున్న అమ్మ చేతులు. చెంబు అంచు కూడా రెండుగా ఉంది. అప్పటిదాకా మాలో ఎవరూ గమనించలేదు. "నీ చేతులు కూడానా?" అన్నారు అమ్మతో. ఆవిడ "మరి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పాతస్టూడియో_రాజమండ్రి
అమ్మాయ్, దాన్ని సరిచేయించకు. భుజం అడ్డమున్నా కత్తిరించొద్దు, వెలుతురు పెంచొద్దు. 8x12 అంగుళాల మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద ప్రింట్ వేయించు. ఆల్బమ్‌లో ఆ పేజీకి ఎదురుగా అంటించు.

గోదారిపిల్ల_92
ఎదురుగా కాదు మాస్టారూ, ఆ పేజీ మీదే అంటించమంటున్నారు నాన్న.